ఎద్దు మెడలో పుస్తెలు

మా మనవరాలికి పాత సామానంటే పిచ్చి. బొంగులూరు దగ్గర కొత్త వెంచర్లో ఇల్లు తీసుకుని, అందులో ఒక గదంతా సుత్తెలు, రాగి రేకులు, తోలు ముక్కలతో నింపేసింది. కమ్మలు చేస్తుంది, తోలు సంచులు కుడుతుంది. చదివిన చదువు ఒకటి, చేసే పని ఒకటి అని వాళ్ల నాన్న గొణుగుతుంటాడు గానీ, నాకు లోపల సంతోషమే. సుత్తె ఎక్కడికి పోతుంది, తాతల చేతిలోంచి మనవరాలి చేతికే వస్తుంది.

మొన్న వచ్చి నా మంచం మీద కూర్చుంది. "నాయినమ్మా, మన పాత అచ్చుల పెట్టె నాకియ్యవా? గసుంటి ఉక్కు అచ్చులు ఇప్పుడు ఏడ దొరుకుతలేవు."

"అడగంగనే ఇస్తే నా ఇజ్జత్ ఏం గావాలె" అని కాసేపు బెట్టు చేసి, అటక మీది పెట్టె దింపించాను. పూసల అచ్చులు, మల్లెమొగ్గల అచ్చులు, మామిడిపిందెల అచ్చులు, అన్నీ వేలెడంత ఉక్కు దిమ్మెల్లో లోతుగా చెక్కినవి. అన్నీ ఆ పిల్ల ముందు పోశాను. ఎర్రగుడ్డలో చుట్టిన ఒక్కటి మాత్రం తీసి నా దిండు కింద పెట్టుకున్నాను. దాని కళ్లు అక్కడే పడ్డాయి.

"గదెందుకు దాస్తున్నవ్?"

"అది పనికొచ్చేది కాదు. కాలి పాడైంది" అన్నాను. ఎందుకు కాలిందని అడిగింది. అంతే, అన్నం వేళ దాటిపోయినా నా నోరు ఆగలేదు. ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఇబ్రహీంపట్నానికి కోడలుగా వచ్చింది నిజాం రాజ్యం ఆఖరి రోజుల్లో. మా పుట్టిల్లు బాలాపూర్. మా నాయిన, మా మామ ఇద్దరూ బంగారం పని చేసే అవుసులోళ్లే. పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్న సొత్తు నోరొక్కటే అని మా అత్త అనేది. అందులో అబద్ధమేమీ లేదు. మా ఆయన పట్నంలో ఒక నగల కొట్లో పనికి ఉండి, ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేవాడు. ఇంట్లో నేను, అత్త, మామ.

వాకిలి పక్క పంచలో మామ పని చేసుకునేవాడు. ముందు కుంపటి, దాని పక్కన తోలుతిత్తి, ఎదురుగా దెబ్బ కొట్టే ఇనుప దాగలి. అచ్చు మీద పలచటి బంగారు రేకు పెట్టి, రేకు మీద సీసం ముక్క పెట్టి, పైనుంచి సుత్తెతో ఒక్క దెబ్బ కొట్టేవాడు. మెత్తటి సీసం రేకును అచ్చు లోతుల్లోకి నెట్టేది. సీసం తీసి రేకు తిరగేస్తే బొమ్మ లేచి ఉండేది. తిత్తి ఊదడం నా పని. మామ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పెదవి విప్పితే బంగారం పొడి ఎగిరిపోతుందని చిన్నప్పటి నుంచి నేర్పిన అలవాటు, కుంపటి దగ్గర లేనప్పుడు కూడా అలాగే ఉండిపోయింది.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. పుస్తెలు రెండు కదా, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. అత్తింటి పుస్తె మీద ఆ ఇంటి గుర్తు ఉండాలి. ఒకరింటికి లింగం, ఒకరింటికి నామం, ఒకరింటికి జంట కంకులు. తాతల నాడు ఏ అచ్చులో తీశారో మునిమనవడి పెళ్లికీ అదే అచ్చులో తీయాలి. వేరే అచ్చులో తీస్తే ఆ కాపురం ఆ ఇంటిది కాదనేవాళ్లు. ఏ ఇంటికి ఏ అచ్చో ఎక్కడా రాసి ఉండేది కాదు. మనిషి వాకిట్లోకి రాగానే మామ చెయ్యి పెట్టెలోకి పోయేది, ఆ ఇంటి అచ్చే పైకి వచ్చేది.

మా పెరటి గోడ అవతల ఒక కాపుదనపు ఇల్లు. ఆ ఇంటి కోడలు నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. గోడ మీది నుంచి కూరలు, కబుర్లు మార్చుకునేవాళ్లం. వాళ్లింటి గుర్తు చిలుక. జొన్నకంకి నోట కరుచుకుని వెనక్కి చూసే చిలుక. అక్క మెడలో ఉన్నది వాళ్ల అత్త వేసుకుని, చనిపోయే ముందు తీసి ఇచ్చిన పుస్తె. అక్క భర్త నిజాం మీద పోరాడే సంఘంలో కలిసి అడవికి పోయాడు. ఎక్కడున్నాడో ఆమెకు తెలియదు, తెలిసినా చెప్పేది కాదు.

"ఆయన ఊర్ల లేడు. గీ చిలుకన్న నా తాన ఉన్నది" అనేది, బావి దగ్గర పుస్తెలు కళ్లకద్దుకుంటూ.

అవి పాడు రోజులు. ఖాకీ బట్టల గుంపులు లారీల్లో వచ్చి ఊళ్ల మీద పడేవి. ఇనుప చువ్వలతో గోడలు పొడిచేవాళ్లు, పొయ్యిలో బూడిద కూడా తిరగేసేవాళ్లు. ధాన్యం పాతర్లలో దాచిన నగలు ముందే పోయాయి. పక్క ఊళ్లో ఆడవాళ్ల మెడల్లోంచి పుస్తెలు గుంజితే దారం కోసుకుపోయి మెడలు వాచాయని తెలిసింది. ఆ మాట విన్న రోజు మా ఊళ్లో ఏ ఆడదీ కొంగు మెడ మీది నుంచి తీయలేదు.

చుట్టుపక్కల ఆడవాళ్లు కొందరు మా వాకిట్లోకి వచ్చారు. పసుపుకొమ్ము కట్టుకుని పుస్తెలు తీయడం తప్పు కాదు, ఆపద వస్తే అందరూ చేసేదే. తీసి ఎక్కడ పెట్టాలన్నదే కష్టం. మామను దాచమన్నారు.

"అవుసులోని ఇల్లు గాకుండ ఎవని ఇల్లు ముందుగాల తవ్వుతరు?" అన్నాడు మామ.

నిజమే మరి. అక్క అక్కడే గడప పక్కన కూలబడి ఏడ్చింది. "ఆయనకేమన్న అయితే అయింది గాని, ఉండంగనే నా మెడ బోసి చేస్తరా?" అంది.

ఆ రోజు మా తిత్తికి చిల్లు పడితే కుట్టడానికి తోలుపని చేసే ముసలాయన వచ్చి ఉన్నాడు. వాకిలి అవతల, ఎండలో కూర్చుని కుడుతున్నాడు. ఆయన మాదిగవాడ మనిషి. మా మామకంటే పెద్దవాడు, అయినా మా ఇంట్లో అందరూ ఆయన్ని రా, పో అనేవాళ్లు. నేను మనసులో తాత అనుకునేదాన్ని, పైకి అనే ధైర్యం ఉండేది కాదు. ఆయన సూది ఆపి, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఎద్దు మెడల పట్టీ ఎవడు ఇప్పి సూస్తడయ్యా? రెండు పొరల తోలు వెట్టి, నడుమల పుస్తెలు వెట్టి కుట్టిస్త. పైన రెండు గంటలు గట్టుకుంటె సరి."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. పట్టీలన్నీ ఒకేలా ఉంటే ఎవరివి ఎవరివో తెలిసేదెట్లా? పేర్లు రాస్తే చదివేవాళ్లు లేరు, చదవగలిగినవాడు లారీ దిగినవాడైతే ప్రాణాలకే ముప్పు.

అక్క కళ్లు తుడుచుకుంది. "మా పట్టీ మీద మా చిలుకను కొట్టు మామా" అంది.

మామ చెయ్యి అలవాటుగా పెట్టెలోకి పోయి, మధ్యలో ఆగింది. "పుస్తె తీసే అచ్చు తోలు మీద వెడతనా?" అన్నాడు. మా అత్త లోపలి నుంచే "అంటు, అంటు" అంది.

నా నోరు ఊరుకుంటుందా. "తిత్తి తోలుదే గద మామా. దినాం గా గాలితోనే గద బంగారం కరగవెడుతున్నం" అన్నాను.

అత్త చూసిన చూపుకు నేను అక్కడే బూడిద కావాలి. మామ మాత్రం నన్ను, తిత్తిని, వాకిలి అవతలి ముసలాయన్ని వరసగా చూశాడు. "కోడలు పిల్ల నోరు తెచ్చిందన్నరు, నిజమే" అన్నాడు. అని పెట్టె తీసుకుని వాకిలి దాటి బయటికి నడిచాడు.

తాత తోలు నానబెట్టి, పిండి, రాతి మీద పరిచాడు. మామ తోలు తాకలేదు, తాత అచ్చు తాకలేదు. ఒకరు తోలు బిగబట్టారు, ఒకరు అచ్చు బోర్లించి కొట్టారు. ఇద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. బంగారం మీద కొడితే ఖంగుమనే దెబ్బ, తోలు మీద మెత్తగా పడింది. మామ అచ్చు ఎత్తి చూశాడు. చిలుక ఉంది, దాని నోట్లో కంకి ఉంది, కంకికి గింజలున్నాయి. బంగారం మీద ఎప్పుడూ చిలుక కన్ను సరిగ్గా వచ్చేది కాదు, తరవాత సూదిమొనతో దిద్దేవాడు. తోలు మీద ఆ కన్ను కూడా పడింది.

"కన్ను గూడ వడ్డది" అన్నాడు మామ. అంత సంతోషంగా ఆయన గొంతు నేను ఎన్నడూ వినలేదు. తాత ఆ గుర్తు మీద బొటనవేలు ఆనించి, "పానం ఉన్నదయ్యా మీ చిలుకకు" అన్నాడు.

అలా ఎవరింటి గుర్తు వాళ్ల పట్టీ మీద పడి, ఆ నాలుగైదిళ్ల బంగారం ఎద్దుల మెడల్లోకి ఎక్కింది. ఆ తరవాత మా ఆడవాళ్ల వేషాలు చూడాలి. నిన్నటి దాకా ముల్లుకర్రతో పొడిచినవాళ్లు, ఎద్దు పక్కకు జరగాలంటే బతిమాలుకునేవాళ్లు. అక్కయితే తన ఎద్దును "అత్తమ్మా, జర పక్కకు జరుగు" అనేది. అత్త పుస్తె దాని మెడలో ఉంది కదా అని. ఆ కష్టంలో కూడా గోడకు అటూ ఇటూ నిలబడి కడుపు పట్టుకుని నవ్వుకున్నాం.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం లారీ వచ్చింది. అనుకున్నట్టే ముందు మా ఇల్లు తవ్వారు. కుంపటి తన్నారు, మామ చెంప మీద కొట్టారు. ఒకడు అచ్చుల పెట్టె తెరిచి, చేతికొచ్చిన అచ్చును అటూ ఇటూ తిప్పి, ఇనుపముక్క అనుకుని విసిరేసి పోయాడు. మేము బతికిపోయామనుకున్నాం. ఇంతలో వాళ్లకు ధాన్యం తోలడానికి బండి కావాల్సి వచ్చింది. అక్క ఇంటి బండి కట్టారు, అక్క ఎద్దుల్నే కట్టారు.

అక్క బండి వెంట ఉరికింది. నేను ఆమె నడుము పట్టుకుని ఆపాను. ఎద్దులు పోతున్నాయని ఏడ్వచ్చు, మెడలో పట్టీ పోతోందని అరవడానికి లేదు. ఊరంతా పాపం ఎద్దులు పోయాయంది.

ఆ తరవాత నెలల తరబడి ఆమె మెడలో పసుపుకొమ్మే. ఎండి పగిలితే ఇంకోటి కట్టుకునేది. బోడి మెడ ఎదురొచ్చిందని వెనక అనేవాళ్లు కొందరు, పుస్తెలు దాచుకుని చల్లగా ఉన్నవాళ్లే. మామ ఒకరోజు పిలిచి, మా అత్త కడియం కరగదీసి అయినా ఇంకో పుస్తె చేస్తానన్నాడు. అక్క వద్దంది.

"మా అత్త ఇచ్చింది గావాలె మామా. దొరుకుతది" అంది. దొరుకుతుందని మాలో ఒక్కరం కూడా నమ్మలేదు.

వానలు వెనకబట్టే రోజుల్లో పోలీసు యాక్షన్ అయింది. యూనియన్ మిలిట్రీ వస్తోందన్న కబురుకే ఖాకీ గుంపులు బట్టలు విప్పి బావుల్లో పడేసి మాయమయ్యాయి. దోచుకున్న పశువుల్ని దార్లోనే వదిలేశారట, వాటిని కందుకూరు బందెల దొడ్డికి తోలారని తెలిసింది. తెల్లవారగానే అక్క బయలుదేరింది. మామ వెంట నడిచాడు, నేను వస్తానంటే ఈసారి అత్త కూడా అడ్డు చెప్పలేదు. తాత మాకు కొంచెం వెనకగా నడిచాడు. అప్పటి పద్ధతి అది, ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

దొడ్డి నిండా పశువులు, చుట్టూ మనుషులు. అక్క ఎద్దులు లేవు. అక్క రెండుసార్లు వెతికి, బురదలోనే కూర్చుండిపోయింది. తాత మాత్రం ఎద్దుల్ని చూడటం లేదు, మెడలు చూస్తున్నాడు. ఒక్కొక్క మెడా తడుముకుంటూ పోయి, ఒక ఎర్రెద్దు దగ్గర ఆగాడు. గంటలు లేవు, పట్టీ అంతా పేడ. ఉమ్మి తడి చేసి బొటనవేలితో రుద్దాడు. చిలుక బయటపడింది. బండి తోలుకుపోయినవాళ్లే మా పట్టీ తీసి దీని మెడలో వేసినట్టున్నారు.

ఆ ఎద్దు పగ్గం అప్పటికే ఒక ముసలి రైతు చేతిలో ఉంది. "ఎద్దు నాది, పట్టీ నాది" అన్నాడాయన. ఆయన బాధ ఆయనది, ఎన్ని ఊళ్లు వెతికాడో. మామ మొలలోంచి ఎర్రగుడ్డ మూట తీశాడు. చిలుక అచ్చు వెంట తెచ్చాడని మాకెవరికీ తెలియదు. దాన్ని పట్టీ మీది బొమ్మ మీద పెడితే, గిన్నె మీద దాని మూతలా కూర్చుంది. ముసలి రైతు వంగి చూసి, "పట్టీ మీదే, తీస్కపోండ్రి" అన్నాడు.

తాత కుట్టు కోశాడు. అక్క కొంగు పట్టింది. రెండు పుస్తెలూ కొంగులో పడ్డాయి. ఆమె పసుపుతాడు విప్పి, అక్కడే, ఆ పేడలో నిలబడే పుస్తెలు ఎక్కించుకుంది. చచ్చిన తోలు వాసన గుప్పుమంది.

"కడగవా అక్కా?" అన్నాను.

"ఏం గడగాలె? ఇన్నాళ్లు నా మెడను కాసింది గీ తోలే" అంది.

కథ అక్కడ ఆగిపోతే ఎంత బాగుండేది. ఈ సంగతి ఊరూరా పాకింది, మా కులపెద్దల దాకా పోయింది. తోలు తాకిన అచ్చుతో పుస్తె తీస్తారా అని వచ్చి కూర్చున్నారు. వాటికి అగ్నిశుద్ధి కావాలన్నారు.

"ఉక్కు నిప్పుల కాలితె పదును సస్తది. మెత్తవడ్డ అచ్చు దెబ్బకు ఆగది" అన్నాడు మామ.

"అగ్నిని మించిన శుద్ధి లేదు" అన్నారు వాళ్లు. దానికి మామ ఏదో ఒకటి చెప్పి పంపేవాడే. కానీ ఎద్దు పట్టీల్లో బంగారం దాచుకుని బతికించుకున్న ఆ ఇళ్ల ఆడవాళ్లే, కొడుకుల పెళ్లిళ్లకు పుస్తెలు అడగడానికి వచ్చి, "శుద్ధి అయినంకనే తియ్యి మామా, ఎందుకైన మంచిది" అన్నారు. గోడ అవతలి నుంచి అక్క ఒక్కతే వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టింది. మామ కుంపటి రాజేశాడు.

తిత్తి ఊదింది నేనే. తోలు తాకిందని అచ్చుల్ని కాలుస్తున్నాం, కాల్చే నిప్పును ఊదుతున్నది తోలుతిత్తి. ఆ మాట పైకే అన్నాను. పెద్దలు విననట్టు కూర్చున్నారు. అచ్చులు ఎర్రబడ్డాక మా చుట్టమైన కమ్మరి ఒకాయన వాటికి మళ్లీ పదును పట్టిస్తానని ఒక్కొక్కటే నీళ్లలో ముంచాడు. నీళ్లలో చిన్న చప్పుడు వినపడేది, తీసి చూస్తే నిలువునా చీలిక. లింగం పోయింది, నామం పోయింది, జంట కంకులు పోయాయి. చిలుక దగ్గరికి వచ్చేసరికి మామ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని ముంచకు. మెత్తగనే ఉండని" అని, బూడిదలో పెట్టి చల్లారనిచ్చాడు.

చల్లారాక రాగి రేకు పెట్టి ఒక్క దెబ్బ కొట్టి చూశాడు. తోక పక్క అంచు కుంగిపోయింది. ఇంకో దెబ్బ కొట్టలేదు. ఎర్రగుడ్డలో చుట్టి పెట్టేశాడు. ఆ తరవాత పుస్తెలన్నీ చేత్తో చెక్కి ఇచ్చేవాడు. ఆ పనితనం చూసి జనం మెచ్చుకునేవాళ్లు గానీ, ఆయన మొహంలో ఆ సంతోషం ఉండేది కాదు.

పోరాటం ఆగిపోయాక అక్క భర్త ఇల్లు చేరాడు. ఎముకల గూడు, గడ్డం. వాకిట్లో నిలబడి పెళ్లాం మెడ కూడా చూడలేదట, కొట్టం వైపు చూసి "ఎడ్లేవి?" అన్నాడట. అక్క ఈ ముక్క చెప్పి చెప్పి చచ్చేదాకా నవ్వింది. వాళ్ల కొడుకు పెళ్లికి మామ చేత్తో చిలుకను చెక్కాడు. ఇచ్చేటప్పుడు, "ఇది చిలుక గాదు బిడ్డా, కాకి" అన్నాడు. కాదని మేమెంత చెప్పినా వినలేదు.

తాత పోయిన రోజు మామ పని ఆపి లేచాడు. వాడ మొదటి దాకా నడిచి, అక్కడే నిలబడ్డాడు. డప్పులు దూరం పోయేదాకా నిలబడి తిరిగొచ్చాడు. కుంపటి ముందు కూర్చుని, తిత్తికి తాత వేసిన కుట్టును వేలితో తడుముతూ ఉండిపోయాడు. అంతదూరం పోయిన మనిషి ఇంకొన్ని అడుగులు వేస్తే ఏం పోయేది? మామంటే నాకు ప్రాణం. అయినా ఆ కోపం మాత్రం ఇంకా పోలేదు.

ఇదంతా విని మా మనవరాలు నా దిండు కింది మూట తీసుకుని విప్పింది. సంచిలోంచి ఒక తోలు ముక్క తీసి, నీళ్లలో నానబెట్టి పిండింది. "నాయినమ్మా, తోలుకు సుత్తె దెబ్బ అవసరం లేదు. నానవెట్టి గట్టిగ వత్తితె చాలు, మెత్త అచ్చయినా ఏం గాదు" అంది. అచ్చు బోర్లించి, పైన నా రోలు బండ ఎత్తి పెట్టి, రెండు చేతులా బరువేసి నిలబడింది. నేను చూస్తూ కూర్చున్నాను. తోలు మీద తప్ప ఇంకెక్కడా పడలేని అచ్చుగా దాన్ని చేసింది ఆ శుద్ధే అని అప్పుడు గానీ నాకు తట్టలేదు.

బండ దించి, అచ్చు ఎత్తి, వెలుతురులోకి తెచ్చింది. తోక అంచు కొంచెం చెదిరింది. మిగతా చిలుక చిలుకలాగే ఉంది.

"సూడు నాయినమ్మా, కన్ను గూడ వడ్డది" అంది.

మామ అన్న ఆ మాట నేను దానికి చెప్పానో లేదో గుర్తు లేదు. నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఇంకోటి తియ్యమన్నాను.

"రెండెందుకు?"

"ఒకటి గోడ అవతల అక్క మనవనింటికి. ఇంకోటి తాతోళ్లింటికి" అన్నాను.

"నేనే ఇచ్చొస్త తియ్యి" అంది.

"నువ్వు గాదు. నా కట్టె అందియ్యి" అన్నాను. వాడ దాకా నడవడానికి ఈ మోకాళ్లకు ఎంతసేపు పడితే అంతసేపు పడనీ. మామ నిలబడిపోయిన చోట నేను నిలబడను.